మా దర్వాజ ఉప్పాడ పోతే బతుకుతదా?

ఇబ్రహీంపట్నంలో మా తాత కట్టిన పెంకుటిల్లు ఈ ఎండాకాలం కూల్చేస్తున్నాం. ఇంట్లో అందరూ ప్లాటు రేటు గురించి మాట్లాడుతుంటే, అక్క ఫోన్ చేసి ఒక్కటే అడిగింది: "తమ్మీ, ఆ టేకు దర్వాజ నాకు పంపియ్యి."

అక్కవాళ్లు కాకినాడ పక్కన ఉప్పాడలో, సముద్రానికి కాస్త ఇవతల ఇల్లు కట్టుకుంటున్నారు. నేను సరే అనేశా. అక్కడికి వెళ్లొచ్చాకే భయం పట్టుకుంది.

మా దర్వాజకు బయటివైపు బూడిద రంగు, లోపలివైపు ఇంకా తేనె రంగు. అది ఎండ చేసిన పని. చెక్క నారలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే జిగురును అతినీలలోహిత కిరణాలు విరగ్గొడతాయి. వాన దాన్ని కడిగేస్తుంది. మిగిలిన నార బూడిద రంగుకు తిరుగుతుంది. చూస్తే ముసలిదైపోయినట్టే ఉంటుంది కానీ దెబ్బ పైతోలు వరకే. పైన్ లాంటి మెత్తటి చెక్క కూడా ఇలా 100 ఏళ్లకు 6 మిల్లీమీటర్లే అరుగుతుందని అంచనా. మా ఊళ్లో అసలు గొడవ చెదలతోనే.

ఉప్పాడలో తీరం కోతకు పోయిన ఇళ్ల దగ్గర ఒక గుమ్మం (వాళ్లు దర్వాజను అలాగే అంటారు) సగం ఇసుకలో కూరుకుపోయి ఉంది. చేత్తో రాస్తే పైచెక్క దూదిలా లేచొచ్చింది. గాలిలో వచ్చే ఉప్పు తుంపర చెక్క లోపలికి ఇంకుతుంది. ఆరాక స్ఫటికమై పెరుగుతూ నారలను విడదీస్తుంది. మేకుల చుట్టూ అయితే నల్లటి మచ్చలు. ఉప్పుకు ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, ఆ తుప్పు పక్కనున్న చెక్కను కూడా పాడు చేస్తుంది.

మన తీరంలో పాతకాలం మసులా పడవల పలకలను మేకులతో కొట్టకుండా కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు. అలలు కొట్టినప్పుడు పడవ విరక్కుండా వంగడానికి ఆ కుట్టు. తుప్పు గొడవ లేకపోవడం అదనపు లాభం!

నీళ్లలోనే ఉండిపోయే చెక్కకు ఇంకో శత్రువు ఉంది, ఓడపురుగు. పేరుకే పురుగు, నిజానికి ఆల్చిప్పల జాతి. తలమీది రెండు చిన్న గుల్లలతో చెక్కను తొలుస్తుంది. బయటికి గుండుసూది బెజ్జమే, లోపలంతా డొల్ల. 1731లో నెదర్లాండ్స్‌లో సముద్రపు కట్టల కర్రలను ఇదే తినేసింది. తర్వాత వాళ్లు రాళ్లకు మారారు. ఉప్పాడలో పడవను ఇసుక మీదికి లాగి ఎండబెడుతున్న పెద్దాయనను దీని గురించి అడిగా. "ఎండలో పెడితే చచ్చిపోద్ది బాబూ" అన్నాడు, అదేం పెద్ద విషయం కానట్టు.

మన దర్వాజకు ఓడపురుగు భయం లేదు. ఉప్పుగాలితోనే పేచీ. వచ్చాక మా వడ్లాయనను అడిగితే ఇనుప బందులు, గడియ తీసేసి ఇత్తడివి పెట్టమన్నాడు, ఏటా నూనె పట్టించమన్నాడు. నేను ఒకటి కలిపా: వీధి వైపు వద్దు, పూజ గదికి పెట్టండని. అక్క ఒప్పుకుంది.

బావ కొలతలు తీసి ఫోన్ చేశాడు. దర్వాజ నాలుగు అంగుళాలు పెద్దదట, కోయిస్తానన్నాడు. వెనక నుంచి అక్క గొంతు వినిపించింది: "చెక్క ముట్టకండి. గోడ కొట్టించండి."