రక్తాన్ని వడకడితే సెప్సిస్ తగ్గుతుందా?

ఐసీయూ బయట కూర్చున్న మీ దగ్గరికి డాక్టర్ వచ్చి, ‘సెప్సిస్ ముదిరింది, ఫిల్టర్ పెట్టి రక్తం శుద్ధి చేద్దాం’ అంటారు. కాట్రిడ్జ్ ఖరీదు వింటే గుండె గుభేలుమంటుంది. అయినా వద్దనడానికి నోరు రాదు. సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి. ఇది కిడ్నీల కోసమా, ఇన్ఫెక్షన్ కోసమా?

సెప్సిస్‌లో కిడ్నీలు దెబ్బతిని మూత్రం ఆగిపోయి, పొటాషియం పెరిగితే డయాలసిస్ ప్రాణం నిలబెడుతుంది. బీపీ నిలవనివారికి రోజంతా నెమ్మదిగా సాగే సీఆర్‌ఆర్‌టీ పెడతాం. అందుకైతే వెనకాడొద్దు.

రెండోది వేరు. ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్ల రక్తకణాలు సైటోకైన్లనే రసాయనాలను అతిగా వదలడంతో రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది. ఆ రసాయనాలను కాట్రిడ్జ్‌లోని పూసలకు అంటుకునేలా చేసి తీసేయాలన్నది ఆలోచన. కానీ ఫిల్టర్‌కు మంచీ చెడూ తెలియవు. వాపును పెంచే సైటోకైన్లతో పాటు తగ్గించేవీ పోతాయి. యాంటీబయాటిక్ కూడా కొంత పోవచ్చు. ప్లేట్‌లెట్లు తగ్గొచ్చు.

పైగా ఆ కణాలు ఎప్పుడూ రెచ్చిపోయే ఉండవు. కొన్నాళ్లకు చాలామందిలో అలసిపోతాయి. లింఫోసైట్లు పెద్దసంఖ్యలో చనిపోతాయి. మోనోసైట్లు సూక్ష్మజీవి ముక్కను పట్టి తోటి కణాలకు చూపడానికి వాడే హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ అనే ప్రొటీన్ తగ్గిపోతుంది. కొత్త ఇన్ఫెక్షన్లు అంటుకునేది అప్పుడే. ఫిల్టర్ తర్వాత ఈ ప్రొటీన్ మళ్లీ పెరిగినట్లు కొన్ని చిన్న అధ్యయనాల్లో కనిపించింది. అయితే రక్తపరీక్షలో కణం కోలుకోవడం, మనిషి కోలుకోవడం ఒకటి కాదు.

450 మంది సెప్టిక్ షాక్ రోగులపై పాలీమిక్సిన్ ఫిల్టర్‌ను పరీక్షించిన యూఫ్రటీస్ ట్రయల్ ఫలితాలు 2018లో వచ్చాయి. 28 రోజుల్లో మరణాలు తగ్గినట్లు తేలలేదు. జర్మనీలో ఎక్మోపై ఉన్న 34 మంది కొవిడ్ రోగుల్లో సైటోకైన్ ఫిల్టర్ పెట్టిన 17 మందిలో నెల తర్వాత ముగ్గురే మిగిలారు. పెట్టని 17 మందిలో 13 మంది బతికారు. చిన్న అధ్యయనమే, కానీ ఒళ్లు జలదరిస్తుంది. 2021 నాటి అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకాలు పాలీమిక్సిన్ ఫిల్టర్ వద్దనే సూచించాయి. మిగతా శుద్ధి పద్ధతులకు సరిపడా ఆధారాల్లేవన్నాయి.

సర్కారు దవాఖానాలో దొరకదు కాబట్టి ఇలా రాస్తున్నాననుకోకండి. రేపు దొరికినా ఇదే మాట.

అన్నీ చేసినా బీపీ నిలవనప్పుడు, ఆఖరి ప్రయత్నంగా పెడదామని డాక్టర్ అనొచ్చు. అదీ తప్పేం కాదు. ఎన్ని కాట్రిడ్జ్‌లు పెడతారు, ఏది మెరుగుపడకపోతే ఆపేస్తారు అన్నది ముందే అడిగి తెలుసుకోండి. అప్పు తెచ్చేది ఆ తర్వాతే.