ఒకే కత్తి, పది పరీక్షలు

కత్తికోత పోటీలో మనిషికి మనిషి ఎదురు నిలవడు. ఎదురుగా ఉండేవి కొయ్యదిమ్మ, వేలాడే తాడు, వరసగా పేర్చిన నీళ్ల సీసాలు, టెన్నిస్ బంతి, కూల్‌డ్రింకు తాగే స్ట్రాలు. చేతిలో ఉన్న ఒకే కత్తితో వీటన్నిటినీ చెప్పిన వరసలో, చెప్పిన పద్ధతిలో నరుక్కుంటూ పోవాలి. తక్కువ సమయంలో, తక్కువ తప్పులతో ముగించినవారిదే గెలుపు. ఈ ఆట నిలదొక్కుకున్నది అమెరికాలో. అక్కడ బ్లేడ్‌స్పోర్ట్స్ అనే సంస్థ దీనికి నియమాలు రాసి పోటీలు నడిపింది.

ఇదే కోవకు చెందిన పరీక్ష ఒకటి అక్కడి కమ్మరులకూ ఉంది. 1976లో బిల్ మోరన్, మరికొందరు కలిసి అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీని స్థాపించారు. అందులో గుర్తింపు కోరే కమ్మరి తాను కొట్టిన కత్తితో, వేలాడుతున్న అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెంపాలి. తర్వాత రెండు కొయ్యదిమ్మలు నరకాలి. అంత పని చేశాక కూడా ఆ వాదర చేతిమీది వెంట్రుకలను గొరగాలి. చివరికి కత్తిని వైస్‌లో బిగించి 90 డిగ్రీలు వంచినా విరగకూడదు. గట్టిదనం, పదును, సాగే గుణం ఈ మూడూ ఒక్క ఉక్కుముక్కలో ఇమడాలన్నది ఆ పరీక్ష ఉద్దేశం. పోటీ కత్తి ఎంపిక కూడా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

కొలతలకు హద్దు ఉంది. అలుగు పొడవు 10 అంగుళాలు, వెడల్పు 2 అంగుళాలు, పిడితో కలిపి మొత్తం 15 అంగుళాలు మించకూడదు. కాబట్టి పెద్ద కత్తి తెచ్చినవాడు గెలుస్తాడన్న లెక్క ఇక్కడ చెల్లదు. ఆ హద్దు లోపల బరువు ఎక్కడ పెట్టారు, వాదర ఎంత పలుచగా తీశారు, పిడి చేతిలో ఎలా కుదిరింది అన్నవే తేడా తెస్తాయి.

పనికో కత్తి, పోటీకి ఒకటే

ఉత్తరాంధ్ర రైతుకు పెద్ద కత్తులు కొత్త కాదు. అయితే ఇక్కడి పద్ధతి వేరు, పనికో కత్తి ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరితోటల్లో బోండాం కొట్టే కత్తికి బరువు, వెడల్పు కావాలి. తడి పీచును ఊపుతో తెంచుకుంటూ పోవాలి కనుక. ఎండుకాయ పీచు ఒలవడానికి కత్తితో పనేలేదు, నేలలో నిలువుగా పాతిన ఇనుప పలుగు చాలు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి కత్తి బోండాల కత్తికి పూర్తిగా వ్యతిరేకం. గెల కొసను రోజూ పొరలాగా చెక్కితేనే కల్లు ధార ఆగదు. అందుకే దాని వాదర పలుచగా, మంగలికత్తికి దగ్గరగా ఉంటుంది. సంకిలి, బొబ్బిలి చుట్టుపక్కల చెరకు నరికేవారికి గడను నేలబారుగా తెంచే తేలికపాటి కత్తి కావాలి, రోజంతా చెయ్యి నొప్పి పుట్టకూడదు. సీతంపేట కొండల్లో సవరలు, జాతాపులు పోడు చేలలో పొదలు కొట్టడానికి వాడే కత్తి తీగనూ తెంచాలి, చిన్న కొమ్మనూ పడగొట్టాలి.

ఈ కత్తుల్లో ప్రతిదీ ఒక పనికి తగ్గట్టు తయారై, మిగతా పనుల్లో వెనకబడుతుంది. బోండాల కత్తితో స్ట్రా కొడితే అది తెగదు, వంగి పక్కకు పోతుంది. గీత కత్తితో కొయ్యదిమ్మ కొడితే వాదరకు పళ్లు పడతాయి. పోటీలో ఆ వెసులుబాటు లేదు. దిమ్మకూ స్ట్రాకూ ఒకటే వాదర. పోటీ కత్తిని ఎంచుకోవడం, మార్చుకోవడం అంటే ఆ రెంటి మధ్య ఎక్కడ రాజీ పడాలో తేల్చుకోవడమే.

ఉక్కు

ఉక్కులో కార్బన్ పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది, దెబ్బకు ఓర్చుకునే గుణం తగ్గుతుంది. పల్లె కమ్మరి కొలిమిలో ఎక్కువగా కత్తులయ్యే లారీ కమాన్ పట్టీల్లో సుమారు 0.6 శాతం కార్బన్ ఉంటుంది. అమెరికాలో 5160 అనే పేరున్న ఉక్కు ఈ జాతిదే. ఇది వంగినా విరగదు, దెబ్బలకు ఆగుతుంది, సాన తొందరగా పడుతుంది. కాకపోతే పదును ఎక్కువసేపు నిలవదు. బేరింగుల ఉక్కు 52100లో కార్బన్ దాదాపు 1 శాతం. పదును బాగా నిలుస్తుంది గానీ పాయనం (కాచి చల్లార్చి గట్టిపరచడం) పెట్టేటప్పుడు వేడి తప్పితే పెళుసవుతుంది. పోటీదారులు ఎక్కువగా మెచ్చే సీపీఎం ఎం4 లోహాలు కోసే పనిముట్లకు వాడే రకం. అందులో సుమారు 4 శాతం వెనేడియం ఉండటం వల్ల వాదర తొందరగా అరగదు. రాక్‌వెల్ కొలతలో 60 దాటిన గట్టిదనంలోనూ దిమ్మ దెబ్బకు నిలుస్తుంది. మామూలు మచ్చుకత్తి ఇదే కొలతలో 50కి అటూ ఇటూ ఉంటుంది.

ఎక్కువ కార్బన్ ఉక్కు తెలుగునేలకు పాత పరిచయమే. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు అక్కడిదాకా వచ్చేవారని 19వ శతాబ్దంలో హెన్రీ వోయ్‌సీ రాశాడు. ఈ రకం ఉక్కు ముద్దల్లో కార్బన్ 1 శాతం పైమాటే. మరీ ఎర్రగా కాచి కొడితే పగిలిపోయే ఉక్కు అది. దాన్ని లొంగదీసి అలుగుగా సాగదీయడం కమ్మరి నేర్పు మీదే ఆధారపడేది. ఇప్పటికీ మంచి ఉక్కు కొన్నంత మాత్రాన మంచి కత్తి రాదు. పాయనం కుదిరితేనే ఆ ఉక్కు గుణం బయటపడుతుంది.

బరువు, ఊపు

దెబ్బ శక్తి బరువును బట్టి, వేగాన్ని బట్టి ఉంటుంది. బరువు రెట్టింపయితే శక్తి రెట్టింపవుతుంది, వేగం రెట్టింపయితే శక్తి నాలుగింతలవుతుంది. అందువల్ల చెయ్యి వేగంగా విసరలేనంత బరువు కత్తి నష్టమే. పోటీ కత్తులు సాధారణంగా అర కిలో, దానికి కాస్త పైన తూగుతాయి. పిడి దగ్గర వీపు మందం పావు అంగుళం వరకు ఉండి, కొసవైపు క్రమంగా తగ్గుతుంది. కత్తిని వేలిమీద నిలబెడితే తూకం పిడికి కొంచెం ముందు, అలుగు మీద పడాలి. మరీ ముందుకు పడితే దిమ్మ బాగా తెగుతుంది గానీ, దొర్లే బంతిని వెంటనే గురిచూసి కొట్టడం కష్టమవుతుంది.

అలుగు మీద ఒకచోట కొడితే చేతికి అదురు తెలియదు. పిడి పట్టుకుని కొయ్యమీద కొస నుంచి వెనక్కి జరుపుతూ మెల్లగా తట్టి చూస్తే ఆ చోటు దొరుకుతుంది. దిమ్మ నరికేటప్పుడు వేటు అక్కడ పడేలా అలవాటు చేసుకోవాలి. టూ బై ఫోర్ అనే ఆ దిమ్మ పేరుకు 2, 4 అంగుళాలే గానీ చిత్రిక పట్టాక మిగిలేది 1.5, 3.5 అంగుళాలు. ఒకేచోట నేరుగా కొడుతూ పోతే కత్తి ఇరుక్కుంటుంది. అటొక వేటు, ఇటొక వేటు ఏటవాలుగా వేస్తే చెక్క పేళ్లుగా లేచిపోతుంది.

వాదర

వాదర కోణం కంటే దాని వెనక ఉన్న మందం ముఖ్యం. వెనక మందంగా ఉంటే ఎంత సానపట్టినా కత్తి కొయ్యలో దిగకుండా ఆగిపోతుంది. పోటీ కత్తికి వీపు నుంచి అంచుదాకా పలుచబడుతూ వచ్చి, చివర కొద్దిగా ఉబ్బిన వాదర పెడతారు. ఆ ఉబ్బు దిమ్మ దెబ్బకు ఆసరా, పేడును పక్కకు తోసే వాలు. కోణం ఒక్కో పక్క 15 నుంచి 20 డిగ్రీలు ఉంటే సాధారణంగా సరిపోతుంది.

తుది సాన కూడా పనిని బట్టే. వేలాడే తాడుకు పీచును పట్టుకునే కాస్త గరుకు వాదర మేలు. విడిగా నిలబెట్టిన స్ట్రాకు వెనక ఆసరా ఏదీ ఉండదు కనుక, అద్దంలా నునుపుదేలిన వాదర, వేగం రెండూ కావాలి. రెంటికీ మధ్యస్థంగా, సన్నరాయి మీద సాన తీసి తోలుమీద నాలుగైదుసార్లు లాగి వదిలేయడం మంచిది.

పిడి, తాడు

నరికేటప్పుడు కత్తి చేతిలోంచి జారితే చుట్టూ ఉన్నవారికి ముప్పు. అందుకే అలుగు ఉక్కు పిడి చివరిదాకా ఒకే ముక్కగా ఉండాలి. రెండు పక్కలా బద్దలు వేసి రివెట్లు బిగిస్తారు. పల్లెల్లో పిడికి తుమ్మకర్ర వాడతారు. పోటీల్లో చెమటకూ తడికీ ఉబ్బని మైకార్టా లాంటి కృత్రిమ పదార్థాలు ఎక్కువ. పిడి గుండ్రంగా కాకుండా కోలగా ఉంటే వాదర ఎటు ఉందో చూడకుండానే చేతికి తెలుస్తుంది. మధ్యలో కొద్దిగా ఉబ్బు, చివర కిందికి వంగిన కొక్కెం చిటికెనవేలికి పట్టునిస్తాయి. పిడికి తాడు తప్పనిసరి. చెయ్యి జారినా అలుగు వెనక్కి తిరిగి మణికట్టును తాకనంత పొట్టిగా ఆ తాడు ఉండాలి.

కొన్న కత్తిని మార్చుకోవడం

బజారులో దొరికే మచ్చుకత్తిని సాధనకు తగ్గట్టు మార్చుకోవచ్చు. ముందుగా ఆకురాయితో వాదరను మెల్లగా రుద్ది చూడాలి. ఆకురాయి తేలిగ్గా కొరికితే ఉక్కు మెత్తన, జారిపోతే గట్టిది. మెత్తని కత్తిని ఎంత పలుచన చేసినా లాభం లేదు. గట్టిదైతే వాదర వెనక మందాన్ని కొద్దికొద్దిగా తగ్గించాలి. మోటారు చక్రం మీద పట్టేటప్పుడు రెండు మూడు సెకన్లకొకసారి నీళ్లలో ముంచాలి. అలుగు నీలిరంగు తేలిందంటే వేడి దాదాపు 300 డిగ్రీలకు చేరిందని, అక్కడ పాయనం పోయిందని అర్థం.

ప్రతి దశలోనూ కొయ్య నరికి వాదరను వెలుతురుకు ఎత్తి చూడాలి. వాదర మడతపడితే ఉక్కు మెత్తనైనా అయి ఉండాలి, అంచు మరీ పలుచనైనా అయి ఉండాలి. పళ్లు పడితే ఉక్కు పెళుసుగా ఉందనో, కోణం చాలలేదనో అర్థం. కోణాన్ని కాస్త పెంచి మళ్లీ చూడాలి. పాత కమాన్ పట్టీతో కొత్త కత్తి చేయించుకునేవారు పగుళ్లు లేని ముక్కనే ఎంచుకోవాలి. ఏళ్ల తరబడి లారీ కింద వంగిన పట్టీలో కంటికి కనిపించని బీటలు ఉండవచ్చు. నూనెలో చల్లార్చాక సుమారు 200 డిగ్రీల దగ్గర రెండుసార్లు మళ్లీ వేడిచేయిస్తే పెళుసుదనం తగ్గుతుంది. వీపును ఇంకాస్త మెత్తగా ఉంచితే కత్తి విరిగే భయం తగ్గుతుంది.

చట్టం, జాగ్రత్త

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం కింద రాసిన నిబంధనలు 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు అలుగున్న కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు తయారైనవాటికి మినహాయింపు ఉంది. బోండాల కత్తి ఆ మినహాయింపులోకి వస్తుంది. ఆటకోసం చేయించిన 10 అంగుళాల కత్తికి అది వర్తిస్తుందని అనుకోవడానికి వీల్లేదు. ఆయుధం కింద లెక్కకొచ్చే కత్తులకు లైసెన్సు అవసరమా లేదా అన్నది ఆ ప్రాంతంపై ఉన్న నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంది. కాబట్టి చేయించే ముందే స్థానిక పోలీసులను అడగడం, లేదా అలుగు 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు మించని కత్తితో సాధన చేయడం మేలు.

సాధనలో కాళ్లు ఎడంగా పెట్టాలి, వేటు తప్పినా కత్తి కాళ్లవైపు రాకూడదు. ఖాళీ చెయ్యి వెనక ఉంచుకోవాలి. కత్తి ఊగే దారికి ముందూ వెనకా మనిషి ఉండకూడదు. ప్రతిసారీ మొదలుపెట్టే ముందు పిడి వదులైందేమో, రివెట్ కదిలిందేమో, తాడు అరిగిందేమో, అలుగు మీద సన్నని బీట ఉందేమో చూడాలి. వదులైన పిడిని బిగించుకోవచ్చు, తాడు మార్చుకోవచ్చు. బీట పడిన అలుగును మాత్రం ఎంత మంచి ఉక్కుదైనా మళ్లీ వాడకూడదు.