రాకడకు ముహూర్తం

క్రీస్తు మళ్లీ వస్తాడన్న నమ్మకం రెండు వేల ఏళ్లుగా ఉంది. దానికి తేదీ ప్రకటించినప్పుడల్లా నష్టపోయింది మాత్రం మామూలు విశ్వాసులే

2025 సెప్టెంబర్‌లో దక్షిణాఫ్రికాకు చెందిన జాషువా మ్లకేలా అనే బోధకుడి వీడియో ఒకటి ప్రపంచాన్ని చుట్టేసింది. ఆ నెల 23, 24 తేదీల్లో విశ్వాసులు ఆకాశానికి ఎత్తబడతారని, ఆ సంగతి తనకు దర్శనంలో క్రీస్తే చెప్పాడని ఆయన చెప్పుకొచ్చారు. ఉద్యోగం మానేశామని కొందరు, కారు అమ్మేశామని మరికొందరు వీడియోలు పెట్టారు. నమ్మనివాళ్లు జోకులు వేసుకున్నారు. 25వ తేదీ ఎప్పటిలాగే తెల్లారింది.

నవ్వుకుని వదిలేయొచ్చు. కానీ అంతకు రెండేళ్ల ముందు కెన్యాలోని షకహోలా అడవిలో జరిగింది నవ్వులాట కాదు. 2023 ఏప్రిల్‌లో అక్కడ పోలీసులు తవ్వకాలు మొదలుపెడితే నెలల తరబడి శవాలు బయటపడుతూనే ఉన్నాయి. లెక్క 400 దాటింది. తిండి మానేసి ప్రాణం విడిస్తే క్రీస్తును చేరుకోవచ్చని బోధించాడన్న ఆరోపణపై పాల్ మెకంజీ అనే మతబోధకుడిని అరెస్టు చేశారు. 2024లో విచారణ మొదలైంది. చనిపోయినవారిలో పిల్లలు చాలామంది. అడవికి మకాం మార్చడానికి చాలా ముందే పిల్లల్ని బడి మాన్పించమని ఆయన చెప్పేవాడు. 

ఈ రెండు ఘటనలనూ చూసి 'రెండో రాకడ' అంటేనే ఏదో పిచ్చి నమ్మకం అనుకుంటే పొరపాటు. క్రీస్తు తిరిగి వచ్చి సజీవులకూ మృతులకూ తీర్పు తీరుస్తాడన్నది ఏ కొత్త శాఖో కనిపెట్టిన మాట కాదు. నాలుగో శతాబ్దంలో స్థిరపడిన నైసీన్ విశ్వాస ప్రమాణంలోనే అది ఉంది. కేథలిక్కులు, సీఎస్‌ఐ వారు, లూథరన్లు అందరూ దాన్ని చెప్పుకునేవారే. కేరళలోని సిరియన్ క్రైస్తవులు ప్రార్థనలో తూర్పు ముఖంగా నిలబడేది కూడా క్రీస్తు అటునుంచే వస్తాడన్న నిరీక్షణతోనే. పైగా ఆ రోజూ ఆ ఘడియా తండ్రికి తప్ప దేవదూతలకు సైతం తెలియవని మత్తయి సువార్త 24వ అధ్యాయంలో క్రీస్తే చెబుతాడు. అంటే నమ్మకం ఎంత పాతదో, ముహూర్తం పెట్టొద్దన్న హెచ్చరిక కూడా అంతే పాతది.

ఆరేళ్ల గడువు

ఆ హెచ్చరికను కాదని తేదీ ప్రకటించిన ఘటనకు మన దేశంలోనూ ఒక పాత ఉదాహరణ ఉంది. కేరళ బయట దాని గురించి తెలిసినవారు తక్కువ. పాలక్కాడ్ ప్రాంతపు తమిళ బ్రాహ్మణ కుటుంబంలో 1835లో పుట్టిన రామయ్యన్ సంస్కృతం, సంగీతం తెలిసిన పండితుడు. 1861లో తిరువాన్కూరు సంస్థానంలోని మావేలిక్కరలో మిషనరీ జోసెఫ్ పీట్ దగ్గర బాప్తిస్మం తీసుకుని యూస్తుస్ జోసెఫ్ అయ్యారు. తర్వాత ఆంగ్లికన్ చర్చిలో గురువుగా అభిషేకం పొందారు. జనం మాత్రం ఆయన్ను 'విద్వాన్‌కుట్టి' అనే పిలిచేవారు.

1870ల మొదట్లో తిరునెల్వేలి వైపు నుంచి ఒక ఉజ్జీవ కెరటం తిరువాన్కూరును తాకింది. రాత్రంతా ప్రార్థనలు, ఏడ్పులు, దర్శనాలు, పాపపు ఒప్పుకోళ్లు. యూస్తుస్ జోసెఫ్ దానికి నాయకుడయ్యారు. చర్చి అధికారులకు అది మింగుడుపడలేదు. 1875లో ఆయన బయటికి వచ్చి సొంత సంఘం పెట్టుకున్నారు. ఇంకో ఆరేళ్లలో క్రీస్తు వస్తాడన్న ప్రవచనం అప్పుడే వెలువడింది. గడువు 1881 అక్టోబర్ 2. ఆంగ్లేయ మిషనరీలు ఈ వర్గాన్ని 'ఆరేళ్ల వాళ్లు' అని రాసుకునేవారు.

ఆరేళ్లంటే చిన్న గడువేమీ కాదు. నాటిన కొబ్బరి మొక్క కాపుకొచ్చే కాలం అది. మరి ఆ ఆరేళ్లలో ఎవరైనా కొబ్బరి మొక్క నాటి ఉంటారా? పిల్లకు సంబంధం చూసి ఉంటారా? అప్పు ఇచ్చినవాడు, తీసుకున్నవాడు ఏం లెక్క వేసుకుని ఉంటారు? తేదీ పెట్టడంలో ఉన్న అసలు కిటుకు ఇదే. అది విశ్వాసాన్ని పరీక్షించదు. బతుకులోని ప్రతి చిన్న లెక్కనూ తారుమారు చేస్తుంది.

గడువు రోజు ఆదివారం. ఆ రోజు ఏమీ జరగలేదు. చాలామంది పాత చర్చిలకు తిరిగి వెళ్లిపోయారు. యూస్తుస్ జోసెఫ్ మాత్రం కొత్త యుగం మొదలైందని వ్యాఖ్యానించుకున్నారు. ఆయన సంఘం 'యుయోమయం' పేరుతో చిన్న శాఖగా మిగిలింది. 1887లో ఆయన చనిపోయారు. విచిత్రమేమిటంటే ఆయన రాసిన కీర్తనలు బతికాయి. రాగం, తాళం తెలిసిన ఆ పాటల్ని ఆయన్ను వెలివేసిన వర్గాల వారసులతో సహా మలయాళ క్రైస్తవులంతా ఇప్పటికీ పాడుతున్నారు. ఆయన లెక్క తప్పింది కానీ ఆయన నిరీక్షణను మాత్రం ఎవరూ కాదనలేదు.

గోదావరికి వచ్చిన బోధ

ఆ ఉజ్జీవం తిరునెల్వేలికి ఎక్కడినుంచి వచ్చిందని వెతికితే దారి మన గోదావరి డెల్టా మీదుగానూ వెళుతుంది. 1820-30ల్లో ఐర్లండ్, ఇంగ్లండ్‌లలో 'బ్రదరన్' అనే ఉద్యమం పుట్టింది. పురోహితులు అక్కర్లేదు, బైబిలు చాలు, క్రీస్తు ఏ క్షణమైనా రావచ్చు అన్నది వారి ధోరణి. వారిలో జాన్ నెల్సన్ డార్బీ ఈ రాకడకు ఒక వరుసక్రమం తయారుచేశారు. మొదట విశ్వాసులు రహస్యంగా ఎత్తబడతారు, తర్వాత ఏడేళ్ల మహాశ్రమలు, క్రీస్తు విరోధి పాలన, ఆ తర్వాత అందరికీ కనిపించే రాకడ, వెయ్యేండ్ల పరిపాలన. ఇవాళ తెలుగు పల్లెల్లో చార్టులు గోడకు తగిలించి మరీ చెప్పే బోధ దాదాపు ఇదే. ప్రకటన గ్రంథం అంత పాతదని చాలామంది అనుకుంటారు గానీ, ఈ క్రమానికి రెండు వందల ఏళ్లు కూడా నిండలేదు. కేథలిక్కులు, పాత ప్రొటెస్టెంట్ చర్చిలు చాలావరకు దీన్ని అంగీకరించవు. 1909లో అమెరికాలో వెలువడిన స్కోఫీల్డ్ బైబిలు ఫుట్‌నోట్లలో చోటు దొరికాక దీనికి తిరుగులేకుండా పోయింది.

బ్రదరన్ ఉద్యమ తొలి నాయకుల్లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ఒకరు. పంటి వైద్యుడు. బాగ్దాద్ నుంచి 1833లో భారత్‌కు వచ్చారు. 1836లో ఆయన వెంట వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు మచిలీపట్నం చేరి, అక్కడినుంచి నర్సాపురం ప్రాంతంలో గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. గ్రోవ్స్ శిష్యుడు అరుళప్పన్ తిరునెల్వేలి ప్రాంతంలో పనిచేశారు. 1860లో అక్కడ చెలరేగిన ఉజ్జీవమే పదేళ్లు తిరిగేసరికి తిరువాన్కూరు చేరింది. డార్బీతో గ్రోవ్స్‌కు పొసగలేదన్నది వేరే సంగతి. నువ్వు సంకుచితంగా తయారవుతున్నావంటూ 1836లోనే ఆయన డార్బీకి ఘాటైన ఉత్తరం రాశారు.

గోదావరి మీద ఈ బోధ వేరేలా పాదుకుంది. అదే కాలంలో ధవళేశ్వరం ఆనకట్ట లేచింది (1847-52). డెల్టాకు నీళ్లొచ్చాయి, రెండో పంట వచ్చింది. క్రీస్తు రేపే రావచ్చని చెప్పిన మిషనరీలు ఇక్కడ తేదీ పెట్టలేదు. బడులు పెట్టారు, తర్వాత ఆస్పత్రులు వచ్చాయి. తర్వాతి తరాల్లో తెలుగు నేలమీదే పుట్టిన ఉద్యమాలూ ఈ నిరీక్షణను అందిపుచ్చుకున్నాయి. 1938లో దేవదాసు అయ్యగారు రాజమండ్రిలో స్థాపించిన బైబిలు మిషన్‌లో సంఘాన్ని పెండ్లికుమార్తెగా సిద్ధపరచడమే ముఖ్యమైన మాట. హైదరాబాద్ హెబ్రోను నుంచి భక్తసింగ్ నడిపిన సంఘాల్లోనూ అంతే. 'రాకడ సిద్ధపాటు' అనే రెండు మాటలు తెలుగు క్రైస్తవుల వాడుకలో ఎంతగా కలిసిపోయాయంటే, ఒకటి లేకుండా మరొకటి వినిపించదు.

నూనె ఎందుకు?

సిద్ధపాటు అంటే ఏమిటన్నదే అసలు ప్రశ్న. దీనికి ప్రసంగీకులు ఎక్కువగా చెప్పేది పదిమంది కన్యకల ఉపమానం. పెండ్లికుమారుడికి ఎదురెళ్లడానికి పదిమందీ దివిటీలు పట్టుకుని బయలుదేరతారు. అయిదుగురి దగ్గర అదనంగా నూనె ఉంటుంది, అయిదుగురి దగ్గర ఉండదు. అర్ధరాత్రి కేక వినబడేసరికి రెండో అయిదుగురి దివిటీలు ఆరిపోతుంటాయి. కథను జాగ్రత్తగా చదివితే ఒక సంగతి కనిపిస్తుంది. పెండ్లికుమారుడు ఆలస్యం చేశాడు. పదిమందీ కునికారు. తెలివైనవాళ్లు ఎక్కువ మేలుకోలేదు, ఎక్కువ కేకలూ వేయలేదు. ఆలస్యమవుతుందేమోనని నూనె తెచ్చుకున్నారు, అంతే. ఇప్పుడే వచ్చేస్తాడనుకున్నవాళ్లే చీకట్లో మిగిలిపోయారు.

తేదీ పెట్టేవాళ్లు తలకిందులు చేసేది దీన్నే. ఉన్న నూనె మొత్తం ఒక్క రాత్రికి వెలిగించేయమంటారు. 1844 అక్టోబర్ 22న క్రీస్తు వస్తాడని అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు నమ్మినప్పుడు కొందరు రైతులు పంట కోయలేదు. అలా బంగాళాదుంపలు తవ్వకుండా వదిలేసిన ఒక రైతుకు మాత్రం అదృష్టం కలిసొచ్చిందని, ముందే తవ్వినవాళ్ల దుంపలు కుళ్లిపోతే ఆలస్యంగా తవ్విన ఇతనివి మంచి ధర పలికాయని అడ్వెంటిస్టులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అందరికీ అలా కలిసిరాదు.

దక్షిణ కొరియాలో దామి మిషన్ 1992 అక్టోబర్ 28ని ఖాయం చేసింది. వేలమంది నమ్మారు. ఉద్యోగాలు వదిలారు, ఆస్తులు అమ్మి సంఘానికి ఇచ్చారు. నాయకుడు లీ జాంగ్ రిమ్‌ను గడువుకు నెల ముందే మోసం కేసులో అరెస్టు చేశారు. ఆయన పేరిట ఉన్న బాండ్ల గడువు తీరేది 1993 మేలో! జైలు శిక్ష పడింది. విరాళాలు ఇచ్చినవాళ్లకు మాత్రం మే నెలకి ఏ బాండ్లూ లేవు.

అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ కథ ఇంకోలాంటిది. ఆయనది మోసమని చెప్పలేం, లెక్కల పిచ్చి. సివిల్ ఇంజినీరు. 1994లో ఒకసారి తప్పాక 2011 మే 21 అన్నారు, అదీ తప్పితే అక్టోబర్ 21కి జరిపారు. 2012లో తేదీ చెప్పడం తప్పేనని ఒప్పుకున్నారు, మరుసటి ఏడాది చనిపోయారు. కానీ రేడియో తరంగాలకు సరిహద్దులుండవు. వియత్నాం కొండల్లో మువాంగ్ న్యే వద్ద 2011 మేలో వేలమంది హ్మాంగ్ గిరిజనులు గుమిగూడటానికి ఆ ప్రసారాలూ ఒక కారణమని వార్తలొచ్చాయి. ప్రభుత్వం సైన్యాన్ని దించి చెదరగొట్టింది. కాలిఫోర్నియాలో వేసిన లెక్కకు ఎక్కడో కొండజాతివాళ్లు మూల్యం చెల్లించారు.

మన దగ్గర నష్టం ఇంత పెద్దగా, ఇంత ఒక్కసారిగా కనిపించదు. అయితే మిజోరంలో కొన్ని చిన్న శాఖలవారు ఆధార్ తీసుకోవడానికి నిరాకరించారు. ప్రకటన గ్రంథంలో చెప్పిన 666 ముద్ర అదేనేమోనన్నది వారి భయం. అక్కడి ప్రధాన చర్చిలు ఆ వాదనను సమర్థించలేదు. 2021లో కోవిడ్ టీకా విషయంలోనూ ఇదే భయం వాట్సాప్‌లో తిరిగింది. కార్డు లేకపోతే రేషన్ దగ్గర, టీకా లేకపోతే ఆస్పత్రి దగ్గర కష్టపడేది ఆ సందేశం పంపినవాడు కాదు. ఇలాంటప్పుడు ప్రభుత్వ ప్రకటన కంటే ఊరి పాస్టర్ మాటే ఎక్కువ పనిచేస్తుంది. అందుకు ఆయనకు ఆధారం కూడా సిద్ధంగానే ఉంది. థెస్సలొనీకలో కొందరు పనిపాటలు మానేసి కూర్చుంటే, పని చేయనివాడికి తిండి కూడా ఉండకూడదని పౌలు కటువుగా రాశాడు. రాకడ దగ్గరపడిందన్న ఊపులోనే వాళ్లు పని మానేశారని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం.

తెలుగు సంఘాల్లో రాకడ ప్రసంగాలు ఎక్కువగా వినిపించే రాత్రి డిసెంబర్ 31. పది గంటలకల్లా చర్చి నిండిపోతుంది. యుద్ధాలు, భూకంపాలు, ఇజ్రాయెల్ వార్తలు అన్నీ ప్రసంగంలోకి వస్తాయి. ఈ రాత్రే బూర మోగితే నీ సంగతేమిటని పాస్టర్ అడుగుతారు, వెనక వరసలో కునుకుతున్న పిల్లల్ని తల్లులు తట్టి లేపుతారు. పన్నెండు కొట్టగానే వందనాలు, కేకు, ఆ తర్వాత బుట్టలోంచి ఒక్కొక్కరూ తీసుకునే వాగ్దానం కార్డు. రాబోయే ఏడాదంతా దేవుడు ఎలా నడిపిస్తాడో చెప్పే వాక్యం అందులో ఉంటుంది. గుమ్మం దగ్గర సంఘం అచ్చువేయించిన కొత్త క్యాలెండర్ ఇంటికొకటి చొప్పున ఇస్తారు. అందులో పన్నెండు నెలలూ ఉంటాయి.