ఊరి పల్లె ప్రకృతి వనం పిల్లల బడి ఎట్లయితది? పెద్దేముల్ మండలంలో మా అనుభవం

పైన వీడియోలో వేప చెట్టు కింద పట్టా పరిచి పండ్లు ఏరుతున్న పిల్లలను చూసిన్రు కదా. వాళ్లంతా మా ఊరి సర్కారు బడి పిల్లలు, ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివేవాళ్లు. ఆ జాగ మా ఊరి పల్లె ప్రకృతి వనం. పోయినసారి వీడియో చూసి చాలామంది ఫోన్ చేసిన్రు. "అన్నా, మా ఊర్ల కూడా వనం ఉన్నది, గేటుకు తాళమే ఉంటది, దాంట్ల ఏం చేయొచ్చు?" అని అడిగిన్రు. అందుకే మేం ఏం చేసినమో, ఎక్కడ దెబ్బతిన్నమో కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగాల వనం సంగతి. 2015 జూలై 3న చిలుకూరులో హరితహారం మొదలైంది. ఆ తర్వాత ఊరూరా నర్సరీలు వచ్చినయి. 2020 నుంచి ప్రతి గ్రామ పంచాయతీకి ఒక పల్లె ప్రకృతి వనం పెట్టిన్రు. హైదరాబాద్ కొత్తగూడలో అటవీ శాఖ వాళ్ల బొటానికల్ గార్డెన్ ఉంది, 270 ఎకరాలకు పైనే. పట్నం బడుల పిల్లలను బస్సుల్లో అక్కడికి తీసుకుపోతరు. మన పిల్లలకు ఆ బస్సు దొరకదు. కానీ రకరకాల చెట్లు పెంచి, వాటి పేర్లు రాసిపెట్టి, జనాన్ని రానిచ్చి, నాలుగు ముక్కలు నేర్పే తోటకు బస్సు ఎందుకు? మన ఊరి వనంలో మొదటి పని, అంటే చెట్లు పెంచడం, ఎంతో కొంత అయింది. మిగతా మూడు పనులే కాలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మూడేళ్ల కింద జూలైలో నేనే ముందుపడి బడి పిల్లలతో మొక్కలు నాటించిన. బ్యానర్ కట్టినం, పెద్దమనుషులు వచ్చిన్రు, ఫోటోలు దిగినం, బిస్కెట్లు పంచినం. రెండు వందల మొక్కలు పెట్టినం. మార్చి వచ్చేసరికి నీళ్ల ట్యాంకర్ రాక బంద్ అయింది. మాది ఎర్ర నేల. లోపల గట్టి రాతి పొర ఉంటది, ఎండకాలం మట్టి ఇటుక లెక్క అయితది. ఏప్రిల్‌లో ఏడో తరగతి పిల్ల ఒకతి నన్ను రోడ్డు మీద ఆపి, "సార్, నా మొక్క ఏది?" అని అడిగింది. చూపించడానికి ఎండిన పుల్ల తప్ప ఏం లేదు. వ్యవసాయ డిప్లొమా చదివిన నాకు గుంత కొలతలు నోటికి వచ్చు. కానీ పిల్లలతో మొక్క పెట్టించి దాన్ని చంపితే ఏం నేర్పినట్టో ఆ రోజుదాకా ఆలోచన రాలేదు.

ఆ తర్వాత విత్తనాల పని మీద మహబూబ్‌నగర్ దిక్కు పోయినప్పుడు జడ్చర్ల డాక్టర్ బీఆర్ఆర్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఆగిన. అక్కడ తెలంగాణ బొటానికల్ గార్డెన్ అని ఉంది. వృక్షశాస్త్రం చెప్పే డాక్టర్ బి. సదాశివయ్య గారు కాలేజీ జాగలోనే విద్యార్థులతో కలిసి పెంచిన తోట. వందల రకాల మొక్కలు, మన అడవి మొక్కలు కూడా. ఒక సర్కారు కాలేజీలో ఇది అయ్యిందంటే మనం నేర్చుకోవాల్సింది ఉంది. నాకు అక్కడ గుచ్చుకున్నది ఒక్కటే. చెట్టుకు పేరుంటే మనిషి ఆగి చూస్తడు. పేరు లేకపోతే అది "ఆ చెట్టు" మాత్రమే.

వచ్చినంక పద్ధతి మార్చినం. కొత్త మొక్క నాటుడు బంద్ పెట్టి, వనంలో బతికున్న చెట్లనే ఒక్కో పిల్లకు ఒక్కోటి ఇచ్చినం. చెట్టు నీది, నోటుబుక్కు నీది. వారానికి ఒకసారి పోయి చూసి రాయాలె. చిగురు ఉందా, పూత ఉందా, కాయ ఉందా, ఆకు రాలుతుందా, ఏ పిట్ట వాలింది, ఏ పురుగు తింటుంది. ఇది నేను కనిపెట్టింది కాదు. సీజన్‌వాచ్ అని దేశమంతా బడి పిల్లలతో ఇట్లనే చెట్లను వారం వారం చూపించే కార్యక్రమం ఒకటి ఉంది. మేం దాన్ని మా తీరుకు మలుచుకున్నం. బోర్డులు మాత్రం తాండూరు నాపరాయి ముక్కలతో చేసినం. పాలిష్ యూనిట్ల దగ్గర పగిలిన ముక్కలు ఊరికే దొరుకుతయి. తెల్ల పెయింట్‌తో పిల్లలే పేర్లు రాసిన్రు. ఒకడు "నేరేడు" బదులు "నెరెడు" అని రాసిండు. దిద్దలేదు, అట్లనే ఉంది.

పేర్లు పెట్టేటప్పుడే అసలు చదువు మొదలైంది. నాతో పాటు టీచర్లకు కూడా కొన్ని చెట్లు తెల్వలేదు. పక్కనే మేకలు కాసే ఒక తాతను పిలిచినం. బిల్లుడు, తునికి, మోదుగ, నల్లమద్ది, ఇప్ప అని ఆకు చూసి టకటక చెప్పిండు. కానుగ పుల్లతో పండ్లు తోముకోవడం, తునికి పండు తినడం, మోదుగ ఆకుతో విస్తరి కుట్టడం కూడా ఆయనే చూపించిండు. ఒక మూల మాత్రం నున్నగా, పచ్చగా, గుబురుగా ఉన్న కోనోకార్పస్ వరుస ఉంది. "దీని మీద ఏ పిట్టా వాలదు సార్" అని ఆ చెట్లు దక్కిన పిల్లలు నోటుబుక్కులు ఖాళీగా చూపించిన్రు. ఈ మొక్కను నాటొద్దని ప్రభుత్వం 2022లోనే చెప్పింది. మా పిల్లలకు ఆ సంగతి తెల్వదు. ఖాళీ పేజీలే వాళ్లకు చెప్పినయి.

ఇక జూన్ పని, వేప పండ్లు. బడి తెరిచేనాటికి పండ్లు రాలుతుంటయి, మనకు కంది విత్తే కాలం కూడా అదే. పండు పసుపు రంగుకు వచ్చి రాలినది ఏరాలె. నల్లబడ్డది, బూజు పట్టినది వద్దు. నీళ్లలో పిసికి గుజ్జు తీసి, గింజను నీడలో ఆరబెట్టి, గోనె సంచిలో గాలి ఆడేటట్టు పెట్టాలె. ప్లాస్టిక్ సంచిలో కడితే చెమ్మకు బూజు వచ్చి మందు గుణం పోతది. 5 శాతం కషాయానికి 100 లీటర్ల నీళ్లకు 5 కిలోల గింజల పొడి లెక్క. పొడిని గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున పిసికి వడగట్టి, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టుకోవాలె. ఎండకు ఆ గుణం తొందరగా విరిగిపోతది. ఏడాది దాటిన గింజ వాడి నాకు పని చేయలేదని తిట్టుకున్న రోజులు ఉన్నయి.

ఇక్కడ పిల్లలకు ఇంకో ఆట పెడతం. కొన్ని వేప గింజలు వెంటనే సంచుల్లో పెడతరు, కొన్ని కాగితంలో చుట్టి దాచి రెండు నెలల తర్వాత పెడతరు. వెంటనే పెట్టినవి మొలుస్తయి, దాచినవి దాదాపు మొలవవు. అదే చింతగింజ ఎన్నాళ్లయినా మొలుస్తది. తంగేడు గింజను గరుకు రాయి మీద గీకనిదే సరిగ్గా మొలవదు. ఏ విత్తనం ఆగుతది, ఏది ఆగదు అన్నది పుస్తకంలో చదివితే మర్చిపోతరు, ఖాళీ సంచి చూస్తే మర్చిపోరు.

ఒక తల్లి నన్ను నిలదీసింది. "నీ కషాయం యూనిట్‌కు మా పిల్లలతో పని చేయించుకుంటున్నవా తమ్మీ?" అని. మంచిగనే అడిగింది. అందుకే రూలు పెట్టుకున్నం. ఏరేది ఒక గంటే. గింజలు ఎవరి ఇంటికి వాళ్లే తీసుకుపోవాలె, ఒక్క కిలో కూడా నా యూనిట్‌కు రాదు. మీరు ఇట్లాంటిది చేసేటప్పుడు ఈ ప్రశ్న వస్తది. జవాబు ముందే పెట్టుకోండి.

సెప్టెంబర్, అక్టోబర్ వస్తే బతుకమ్మ. మా వనంలో తంగేడు ఉంది, గునుగు లేదు. గునుగు ఏడుందని పిల్లలను పంపితే చేన్లన్నీ తిరిగి వచ్చి, గడ్డి మందు కొట్టిన చేన్లో ఒక్కటి లేదు, కొట్టని చేన్లో గట్ల మీద ఉంది అన్నరు. కలుపు మందు గురించి నేను గంట మాట్లాడినా రాని మాట అది. ఆ సాయంత్రం అమ్మమ్మలు, నానమ్మలు వనంలోనే బతుకమ్మ పేర్చిన్రు. ఏ పువ్వు ఏ పొర మీద పెట్టాలో వాళ్లే టీచర్లు. దసరాకు జమ్మి దగ్గరికి ఎట్లాగూ ఊరంతా పోతది. కార్తీకంలో ఉసిరి కింద వనభోజనం ఉండనే ఉంది. హోలీకి మోదుగ పూలు మరిగించి రంగు చేస్తం. మనకు కొత్త కార్యక్రమాలు అక్కరలేదు, క్యాలెండర్ ఉన్నదే. గేటు తాళం తీస్తే చాలు.

కంది రైతుగా నాకు ఇందులో స్వార్థం ఉంది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మా ప్రాంతం బతుకే కంది. పూత మీద మారుకా, కాయ మీద శనగపచ్చ పురుగు. చేన్లో ఎకరానికి ఇరవై పంగల కర్రలు పాతితే ఏట్రింతలు, గోర్వంకలు వాలి పురుగులను ఏరుకుంటయి. కానీ ఆ పిట్టలు రాత్రి ఎక్కడ పండాలె, గూడు ఎక్కడ కట్టాలె? చుట్టూ చెట్టు లేకపోతే కర్ర పాతినా ఖాళీగానే ఉంటది. పిల్లల నోటుబుక్కుల్లో ఏట్రింత ఎక్కువగా కనిపించింది వేప, నల్లమద్ది మీదనే.

ఇక అసలు గండం. పోయిన యాసంగిలో ఊరి సభలో ఒక ప్రతిపాదన వచ్చింది. వనం పొదలు పొదలుగా ఉంది, పాములు వస్తున్నయి, సగం కొట్టేసి సిమెంటు కల్లం వేసుకుందాం అని. అన్నవాళ్లను నేను తప్పు పట్టను. కంది కట్టెను తారు రోడ్డు మీద పోసి బండ్లతో తొక్కిస్తున్నం, బైకులు జారి పడుతున్నయి. కల్లం అవసరం నిజం. నేను ఏదో మాట్లాడబోయి కోపంతో తడబడ్డ. అప్పుడు నేరేడు చెట్టు దక్కిన పిల్ల (మొక్క ఏదని అడిగిన పిల్లే) తన నోటుబుక్కు తెచ్చి పది నెలల రాత చదివింది. ఏ వారం పూసింది, ఏ వారం గబ్బిలాలు వచ్చినయి, ఎన్ని పండ్లు తిన్నది. సభలో నవ్విన్రు, మంచి నవ్వే. తీర్మానం వాయిదా పడింది. రద్దు కాలేదు. కల్లానికి బందెలదొడ్డి జాగ చూద్దామన్నరు, ఇంకా కొలతలు కాలేదు.

మనకు దగ్గరలోనే దారి చూపినోళ్లు ఉన్నరు. జహీరాబాద్ దిక్కు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ప్రతి సంక్రాంతి నుంచి నెల రోజులు ఎడ్ల బండ్ల మీద పాత పంటల విత్తనాలు పెట్టి ఊరూరా జాతర చేస్తరు. మాచ్‌నూరులో వాళ్ల పచ్చసాలెలో పిల్లలు చదువుతో పాటు సాగు, చేతి పనులు నేర్చుకున్నరు. మనం పట్నం పోయే చేవెళ్ల రోడ్డు మర్రి చెట్లను చూడండి. రోడ్డు వెడల్పు మాట వచ్చినప్పుడు ప్రకృతి ప్రేమికులు ఒక్కో చెట్టును లెక్క పెట్టి, గుర్తు పెట్టి, కోర్టు దాకా పోయిన్రు. దాదాపు తొమ్మిది వందల చెట్లు. లెక్క చేతిలో లేకుంటే ఆ వాదన నిలబడేది కాదు.

మొదలుపెట్టేవాళ్లకు కొన్ని మాటలు. పంచాయతీ కార్యదర్శి, హెడ్మాస్టర్ ఇద్దరి నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఒక్కసారికి ఇరవై ఐదు మంది పిల్లలకు మించొద్దు, ఇద్దరు పెద్దలు ఉండాలె. తేనెపట్టు ఎక్కడుందో ముందు రోజే చూసి రండి. మా దగ్గర ఒక పిల్లగానికి రెండు టీగలు కుట్టినయి, ఆ నెలంతా వాళ్ల నాయన నాతో మాట్లాడలేదు. చెప్పులు లేకుండా ఎవర్నీ లోపలికి పంపకండి, కర్రతో చప్పుడు చేసుకుంటూ పెద్దవాళ్లు ముందు నడవాలె. కొత్త మొక్క పెట్టాలనిపిస్తే, రెండు ఎండకాలాలు నీళ్లు పోసే మనిషి పేరు రాసుకున్నంకనే పెట్టండి. మా లెక్క పిల్లకు రెండు మొక్కలు, అంతకు మించి లేదు.

వచ్చే శనివారం పొద్దున ఏడు గంటలకు మళ్లీ వేప పండ్లు ఏరుతున్నం. చుట్టుపక్కల ఊర్ల రైతులు, బడి పిల్లలు రావచ్చు. గోనె సంచి, నీళ్ల సీసా ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలె. బిస్కెట్లు లేవు, నేరేడు పండ్లు ఉంటయి.