సాంస్కృతిక సంస్థలలో ఇంటర్న్‌షిప్

సంగ్రహాలయాలు (మ్యూజియములు), గ్రంథాలయాలు, ప్రాచీన పత్ర భాండాగారాలు, నాటక సంస్థలు, కళా ప్రదర్శనశాలలు, ఉత్సవ నిర్వహణ సంస్థలు మొదలైన వాటిలో విద్యార్థులు గాని, కొత్తగా చదువు ముగించినవారు గాని నిర్ణీత కాలం పాటు పనిచేస్తూ పని నేర్చుకోవడాన్ని '''సాంస్కృతిక సంస్థలలో ఇంటర్న్‌షిప్''' అంటారు. ఈ విధంగా పనిచేసేవారిని ఇంటర్న్‌లు అంటారు. దీని కాలవ్యవధి సాధారణంగా కొన్ని వారాల నుండి ఒక సంవత్సరం వరకు ఉంటుంది. కొన్ని సంస్థలు ఇంటర్న్‌లకు స్టైపెండు ఇస్తాయి, కొన్ని ధృవపత్రము మాత్రమే ఇస్తాయి. క్యూరేటరు వంటి ఉద్యోగాలకు ముందస్తు అనుభవం అడగడం పరిపాటి కావున, ఈ రంగంలో ప్రవేశానికి ఇంటర్న్‌షిప్ ఒక ద్వారం వంటిది. ఆ ద్వారం ఎవరికి తెరుచుకుంటున్నది, ఎవరికి మూసుకుపోతున్నది అన్నదే ఈ విషయమై జరిగిన చర్చలన్నిటికీ మూలం.

== పదము, అర్థము ==

ఇంటర్న్ అనే మాట వైద్యరంగం నుండి వచ్చింది. ఆసుపత్రి లోపలనే నివసిస్తూ శిక్షణ పొందే వైద్య విద్యార్థులను ఫ్రెంచి భాషలో "ఆంతెర్న్" (లోపలివాడు) అనేవారు. పారిస్ ఆసుపత్రులలో ఈ పద్ధతి 1802లో ఏర్పడింది. తరువాత ఈ మాట అమెరికా వైద్యశాలలకు, అక్కడినుండి ఇతర రంగాలకు వ్యాపించింది.

ఇంటర్న్‌కు, అప్రెంటిస్‌కు, స్వచ్ఛంద సేవకునికి తేడా ఉన్నది. అప్రెంటిస్ చట్టబద్ధమైన ఒప్పందం మీద ఒక వృత్తిని నేర్చుకుంటాడు. స్వచ్ఛంద సేవకుడు ప్రతిఫలం ఆశించకుండా సంస్థకు తోడ్పడతాడు. ఇంటర్న్ ఈ ఇద్దరి మధ్యనున్నవాడు. ఈ అస్పష్టత వలననే పెక్కు వివాదాలు పుట్టాయి.

== చరిత్ర ==

కళలలో పనిచేస్తూ నేర్చుకోవడం కొత్త విషయం కాదు. గురువు ఇంట ఉండి సంగీతమో నాట్యమో అభ్యసించడం భారతదేశంలో అనాదిగా ఉన్నది. కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి నాటక సమాజంలో పిల్లలు తెరల మధ్యనే పెరిగి, నటనతోపాటు రంగాలంకరణ, దీపాల పని కూడా పెద్దల వద్ద నేర్చుకుంటూ వచ్చారు.

సంగ్రహాలయాలలో క్రమబద్ధమైన శిక్షణ ఇరవయ్యవ శతాబ్దంలో బలపడింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పాల్ సాక్స్ 1921లో మ్యూజియం నిర్వహణపై బోధన ప్రారంభించాడు. ఫాగ్ మ్యూజియం ఆధారంగా జరిగిన ఈ తరగతులలో విద్యార్థులు వస్తువులను స్వయంగా పట్టుకొని పరిశీలించేవారు. అమెరికాలోని న్యూఆర్క్ మ్యూజియంలో జాన్ కాటన్ డేనా 1925లో అప్రెంటిస్ శిక్షణ ప్రారంభించాడు. భారతదేశంలో బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో 1952లో మ్యూజియాలజీ విభాగం ఏర్పడింది.

== పని స్వరూపం ==

బయటివారికి సంగ్రహాలయం అనగానే అద్దాల బీరువాలు గుర్తుకు వస్తాయి. ఇంటర్న్ చేసే పని ఎక్కువగా వాటి వెనుక, నిల్వగదులలో ఉంటుంది. ముఖ్యమైన పనులు ఇవి:

* '''నమోదు''': సంస్థకు చేరిన ప్రతి వస్తువుకు ఒక సంఖ్య ఇచ్చి యాక్సెషన్ రిజిస్టరులో వ్రాస్తారు. వస్తువు పేరు, పదార్థం, కొలతలు, కాలం, ఎవరినుండి ఎట్లా వచ్చింది అన్నవి ఇందులో ఉండాలి. ఈ రిజిస్టరు లేనిచో వస్తువు పోయినా పోయినట్లు నిరూపించడం కష్టం.
* '''స్థితి నివేదిక''': వస్తువుపై పగుళ్ళు, మరకలు, పురుగు తిన్న చోట్లు గుర్తించి వ్రాయడం. వస్తువును మరొక సంస్థకు ఎరువిచ్చే ముందు, తిరిగి వచ్చిన తరువాత ఈ నివేదికలను సరిపోల్చుతారు.
* '''డిజిటలీకరణ''': ఛాయాచిత్రాలు తీసి, వివరాలను కంప్యూటరులోకి ఎక్కించడం. భారతదేశపు జాతీయ సంగ్రహాలయాలలో ఇందుకు పుణెలోని సీ-డాక్ సంస్థ తయారుచేసిన "జతన్" సాఫ్టువేరును వాడుతున్నారు.
* '''ప్రజా సంబంధాలు''': పాఠశాల పిల్లలకు ప్రదర్శన చూపించడం, వివరణ ఫలకాలు వ్రాయడం, అనువాదం.

నాటక సంస్థలలోను, ఉత్సవాలలోను పని ఇందుకు భిన్నం. కళాకారుల ప్రయాణాలు, వేదిక ఏర్పాట్లు, అనుమతి పత్రాలు, టిక్కెట్లు మొదలైనవి తక్కువ సమయంలో జరగాలి. కావున అక్కడ నేర్పేవారికి తీరిక తక్కువ, చేయించుకొనే పని ఎక్కువ.

== వేతనం గురించిన వివాదం ==

వేతనం లేని ఇంటర్న్‌షిప్‌ను సమర్థించేవారు చెప్పే కారణాలు రెండు. సాంస్కృతిక సంస్థలకు నిధులు తక్కువ అన్నది మొదటిది. నేర్పడమే ప్రతిఫలం అన్నది రెండవది. విమర్శకుల వాదన ఇందుకు వ్యతిరేకం. నగరంలో కొన్ని నెలలు సొంత ఖర్చుతో ఉండగలిగినవారే ఈ అనుభవం సంపాదించగలరు, అనుభవం ఉన్నవారికే ఉద్యోగం వస్తుంది. చివరకు ఏ వస్తువును ప్రదర్శించాలి, ఎవరి చరిత్రను చెప్పాలి అని నిర్ణయించే స్థానాలలో కలిగిన కుటుంబాలవారే మిగులుతారు. అనగా ఇది ఇంటర్న్ జేబుకు మాత్రమే సంబంధించిన సమస్య కాదు. రాస్ పెర్లిన్ 2011లో ప్రచురించిన "ఇంటర్న్ నేషన్" అనే గ్రంథం ఈ వాదనకు విస్తృత ప్రచారం కల్పించింది.

"బ్లాక్ స్వాన్" చలనచిత్రానికి వేతనం లేకుండా పనిచేసిన ఇద్దరు 2011లో ఫాక్స్ సర్చ్‌లైట్ సంస్థపై న్యూయార్క్‌లో దావా వేశారు. వారు ఉద్యోగులేనని 2013లో జిల్లా న్యాయస్థానం తీర్పునిచ్చింది. 2015లో అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పును పక్కనపెట్టి, ఈ ఏర్పాటు వలన ప్రధానంగా ఎవరికి లాభం కలుగుతున్నదో చూడాలని సూచించింది. లాభం ప్రధానంగా సంస్థకే చేరితే ఇంటర్న్ ఉద్యోగి క్రిందనే లెక్క. 2018లో అమెరికా కార్మిక శాఖ కూడా ఈ సూత్రాన్ని స్వీకరించింది. అయితే లాభాపేక్ష లేని ధార్మిక సంస్థలలో స్వచ్ఛందంగా, వేతనం ఆశించకుండా చేసే ఇంటర్న్‌షిప్‌ను అక్కడ సాధారణంగా అనుమతిస్తారు. సంగ్రహాలయాలు ఎక్కువగా ఈ కోవకు చెందినవే. అందుచేత మార్పు చట్టం ద్వారా కాక సంస్థల నుండే రావలసి వచ్చింది. 2019 జూన్‌లో ఉత్తర అమెరికా కళా సంగ్రహాలయాల డైరెక్టర్ల సంఘం, ఇంటర్న్‌లకు వేతనం ఇవ్వవలసిందిగా సంగ్రహాలయాలను కోరుతూ తీర్మానం చేసింది. లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ సంస్థ 1993 నుండే, ఈ రంగంలో తక్కువ సంఖ్యలో ఉన్న వర్గాల విద్యార్థులకు వేతనంతో కూడిన వేసవి ఇంటర్న్‌షిప్‌లకు నిధులు ఇస్తున్నది.

== ఐరోపా దేశాలలో ==

* '''జర్మనీ''': పట్టభద్రులకు సంగ్రహాలయాలలో "ఫొలొంటారియాట్" అనే శిక్షణ ఉన్నది. ఇది సాధారణంగా రెండేళ్ళు సాగుతుంది, వేతనం ఉంటుంది. యువతీయువకుల కొరకు 2001లో సాంస్కృతిక రంగంలో స్వచ్ఛంద సేవా సంవత్సరం ప్రారంభమైనది. ఇందులో చేరినవారికి చేతి ఖర్చులకు కొంత సొమ్ము ఇస్తారు.
* '''ఫ్రాన్సు''': రెండు నెలలు మించిన ఇంటర్న్‌షిప్‌కు ప్రతిఫలం చెల్లించడం తప్పనిసరి.
* '''బ్రిటన్''': 1998 నాటి కనీస వేతన చట్టం, ధార్మిక సంస్థలలోని స్వచ్ఛంద సేవకులకు మినహాయింపు ఇచ్చింది.

== భారతదేశంలో ==

భారతదేశంలో ఇంటర్న్‌లకు ప్రత్యేకంగా కార్మిక చట్టం లేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం ఒప్పందం కుదుర్చుకొన్నవారికే కనీస స్టైపెండు వర్తిస్తుంది. అయినప్పటికీ రెండు చట్టాలు ఇంటర్న్‌లకు ముఖ్యమైనవి.

మొదటిది పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013. ఈ చట్టంలో "ఉద్యోగి" అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో శిక్షణలో ఉన్నవారు, వేతనం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవారు కూడా చేరుతారు. కనుక జీతం తీసుకోని ఇంటర్న్ కూడా సంస్థలోని అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేయవచ్చును.

రెండవది కాపీరైటు చట్టం, 1957. ఉద్యోగ ఒప్పందం లేదా అప్రెంటిస్ ఒప్పందం క్రింద చేసిన రచనకు, వేరే ఒప్పందం లేనిచో, యజమానియే మొదటి హక్కుదారు. ఇంటర్న్ వ్రాసిన కేటలాగు వ్యాసంపై హక్కు ఎవరిది, వానిపేరు అచ్చులో ఉంటుందా లేదా అన్నది కాబట్టి ఒప్పంద పత్రంపై ఆధారపడి ఉంటుంది.

== తెలుగు రాష్ట్రాలతో సంబంధం ==

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం 1951 డిసెంబరు 16న ప్రారంభమై, 1961లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యత గల సంస్థ అయినది. 1968లో ప్రస్తుత భవనానికి మారింది. ఇటువంటి సంగ్రహాలయాలలోను, నిజాముల కాలపు దస్తావేజులు గల హైదరాబాదు పత్ర భాండాగారంలోను పనిచేయాలంటే కళాచరిత్రతోపాటు పారశీకం, ఉర్దూ వంటి భాషల పరిచయం ఎంతో ఉపయోగపడుతుంది. చెన్నై సమీపంలో 1996లో ప్రారంభమైన దక్షిణచిత్రలో తెలుగునాటి చుట్టిల్లు, ఇక్కత్ నేతగాని ఇల్లు కూడా ఉన్నాయి. ఈ సంస్థ విద్యార్థులను ఇంటర్న్‌లుగా తీసుకుంటుంది.

ఆంధ్ర ప్రదేశ్‌లో 2020-21 విద్యా సంవత్సరం నుండి అమలుచేసిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. చరిత్ర, తెలుగు వంటి విషయాలు చదివే గ్రామీణ విద్యార్థులకు ఇది కొత్త అవకాశం. కాని అనుభవజ్ఞుల పర్యవేక్షణ లేనిచో ఇది సంతకాల కోసం తిరగడంగా మిగిలిపోయే ప్రమాదం కూడా ఉన్నది.

== కార్యాలయ సంస్కృతి విభాగాలలో ==

వ్యాపార సంస్థలలో "సంస్కృతి" అనే మాటకు అర్థం వేరు. ఒక సంస్థలోని అలవాట్లు, విలువలు, పరస్పర ప్రవర్తనల మొత్తాన్ని సంస్థాగత సంస్కృతి అంటారు. ఎడ్గార్ షైన్ 1985లో వెలువరించిన గ్రంథంలో దీనిని మూడు పొరలుగా వివరించాడు. కంటికి కనిపించేవి మొదటి పొర, సంస్థ ప్రకటించుకొనే విలువలు రెండవది, ఎవరూ పైకి అనకపోయినా అందరూ పాటించే నమ్మకాలు మూడవది. మానవ వనరుల శాఖలో భాగంగా ఉండే ఈ విభాగాలలోని ఇంటర్న్‌లు ఉద్యోగుల అభిప్రాయ సేకరణ, కొత్తగా చేరినవారికి పరిచయ కార్యక్రమాలు, పండుగ వేడుకల ఏర్పాట్లు వంటివి చూస్తారు. సంస్థ తన విలువలుగా చెప్పుకొనే దానికి, తన ఇంటర్న్‌లతో ప్రవర్తించే తీరుకు పొంతన ఉన్నదో లేదో మొదట తెలిసేది కూడా వీరికే.

== ఒప్పంద పత్రంలో ఉండవలసిన అంశాలు ==

* పని ప్రారంభ, ముగింపు తేదీలు, వారానికి గంటలు
* స్టైపెండు, ప్రయాణ ఖర్చులు
* పర్యవేక్షకుని పేరు, నేర్పే విషయాలు
* వ్రాసిన రచనలపై, తీసిన చిత్రాలపై హక్కులు
* ప్రమాదం జరిగినపుడు బాధ్యత ఎవరిది

== ఇవి కూడా చూడండి ==

* సాలార్‌జంగ్ మ్యూజియం
* సురభి నాటక సమాజం
* అప్రెంటిస్ చట్టం