పట్టుబడిన శత్రువిమానాల ఛాయాచిత్రాలు – మూలాన్వేషణ పద్ధతి: ‘హైదరాబాద్’ విమానం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లకు చిక్కిన బ్రిటిష్ విమానాలలో కొన్నింటిపై హైదరాబాదు నిజాం పేరు రాసి ఉండేది. అటువంటి విమానాల ఛాయాచిత్రాలు ఎక్కడివో, ఏ కాలానివో నిర్ణయించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. వ్రాతప్రతుల పరిష్కరణసూత్రాలు ఇక్కడ ఎలా ఉపకరిస్తాయో, కడప జిల్లా స్థానికచరిత్ర రచనలో వాటి అవసరమేమిటో చూపుతుంది.

కీలకపదాలు: ఛాయాచిత్రం, మూలాన్వేషణ, అంతస్సాక్ష్యం, బాహ్యసాక్ష్యం, హైదరాబాద్ స్క్వాడ్రన్, స్థానికచరిత్ర.

1. ఉపోద్ఘాతం

పట్టుబడిన శత్రువిమానం విజేతకు రెండు విధాల ఉపయోగపడుతుంది. దాని నిర్మాణం ఇంజనీర్లకు కావాలి. దాని బొమ్మ ప్రచారశాఖకు కావాలి. కాబట్టి ఒకే విమానాన్ని సైనికులు జ్ఞాపకార్థం, నిపుణులు నివేదిక కోసం, ప్రభుత్వం ప్రచారం కోసం వేర్వేరుగా ఫొటో తీయడం పరిపాటి. ఆ బొమ్మలు పోస్టుకార్డులుగా, పత్రికలలో పునర్ముద్రణలుగా వ్యాపించేకొద్దీ తీసినవారి పేరు, స్థలం, తేదీ జారిపోతాయి. వాటి స్థానంలో కొత్త వ్యాఖ్యలు చేరతాయి. లేఖకుల చేతుల్లో కావ్యపాఠం మారేదీ ఇలాగే. కడపలో పండితులచేత ప్రతులను పోల్చి చూపించిన సి.పి. బ్రౌన్ ఎదుర్కొన్న చిక్కు కూడా ఈ కోవలోనిదే.

2. విమానం కథ

నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుకగా సమకూరిన డి.హెచ్. 9-ఎ బాంబర్లతో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్ 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు చేరింది. అందుకే దానికి ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అనే పేరు వచ్చింది. ప్రతి విమానం మీద దాత పేరు, ‘హైదరాబాద్’ అన్న మాట, ఒక వరుససంఖ్య ఉండేవి. వాటిలో ‘హైదరాబాద్ 12-ఎ’ అన్నది, సైనిక సంఖ్య ఎఫ్ 1010, అక్టోబరు 5న జర్మనీపై దాడికి వెళ్లి శత్రుభూమిలో దిగవలసి వచ్చింది. అందులోని ఇద్దరు బ్రిటిష్ వైమానికులు ఖైదీలయ్యారు. తరువాత ఆ విమానం బెర్లిన్‌లోని వైమానిక ప్రదర్శనశాలలో చోటుచేసుకుంది. రెండవ ప్రపంచయుద్ధంలో బాంబుదాడుల కారణంగా పోలండ్ ప్రాంతానికి తరలింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్ విమానానికి మారుగా బ్రిటన్ చేరింది. నేడు లండన్‌లోని వాయుసేన మ్యూజియంలో ఉంది.

3. అంతస్సాక్ష్యం

‘హైదరాబాద్’ అన్న అక్షరాలు కనిపించినంత మాత్రాన ఫొటోలోని విమానం ఎఫ్ 1010 అని తేల్చడానికి వీలులేదు. అదే స్క్వాడ్రన్ విమానాలు మరికొన్ని కూడా జర్మన్ల పాలయ్యాయి. కాబట్టి తోకవైపు ఉన్న సైనిక సంఖ్యనూ, కానుక సంఖ్యనూ కలిపి చదవాలి. ‘12-ఎ’లోని చివరి అక్షరాన్ని వదిలితే బొమ్మ మరొక విమానానికి అంటుకునే ప్రమాదముంది. సంఖ్యలు కనిపించనప్పుడు నిర్మాణమే ఆధారం. డి.హెచ్. 9కు రేడియేటర్ పొట్ట కింద ఉంటుంది. 9-ఎకు ముక్కు దగ్గర చదరంగా ఉంటుంది. డి.హెచ్. 4లోనూ రేడియేటర్ ముందే ఉన్నా ఇద్దరి ఆసనాల మధ్య దూరం ఎక్కువ. రంగుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆనాటి ఆర్థోక్రొమాటిక్ ఫలకాలు ఎరుపును నల్లగా, నీలాన్ని లేతగా చూపేవి. బ్రిటిష్ వలయచిహ్నంలో ఛాయలు తారుమారైనట్లు తోచి, శత్రువు రంగు మార్చాడని పొరపడడానికి ఇది చాలు.

4. బాహ్యసాక్ష్యం

కాలనిర్ణయానికి పూర్వోత్తర అవధులు కావాలి. పట్టుబడిన విమానాలతో జర్మన్లు 1917లో బెర్లిన్‌లో ఒక ప్రదర్శన నిర్వహించారు. ఎఫ్ 1010 పట్టుబడినది 1918లో. కనుక ఆనాటి ప్రదర్శన చిత్రమని రుజువైన ఏ ఫొటోలోనూ ఈ విమానం ఉండే అవకాశం లేదు. బెర్లిన్ ప్రదర్శనశాల లేర్టర్ స్టేషన్ సమీపంలోని భవనంలో తెరుచుకున్నది 1936లో. బాంబుదాడిలో దెబ్బతిన్నది 1943లో. ఆ భవనంలో కొలువుతీరిన విమానం ఫొటో ఈ రెండు సంవత్సరాల మధ్యదే కావాలి. అది యుద్ధంలో చిక్కిన వస్తువు బొమ్మే అయినా, మొదటి యుద్ధకాలపు బొమ్మ కాదు. వస్తువు కాలం, చిత్రం కాలం, ముద్రణ కాలం – ఈ మూడింటినీ విడివిడిగా నమోదు చేయాలి.

5. కడప జిల్లాకు అన్వయం

‘హైదరాబాద్ విమానం’ అన్న వ్యాఖ్యను యథాతథంగా స్వీకరిస్తే హైదరాబాదుకు సొంత వాయుసేన ఉండేదన్న అపోహ సిద్ధాంతగ్రంథాల్లోకి ఎక్కుతుంది. విమానం మీదికి చేరినది దాత పేరు ఒక్కటే. ఆ రాజ్య ఖజానాకు పన్ను కట్టిన రైతు ఆ బొమ్మలో ఎక్కడా కనబడడు.

కడప సీమను నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. 1918 నాటికి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మద్రాసు రాజధానిలోనివి. అందువల్ల నిజాం కానుకను ఈ సీమ యుద్ధవిరాళాల లెక్కలో చేర్చకూడదు. రెండవ యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లు కూడా హైదరాబాదు పేరు ధరించాయి; 264వ స్క్వాడ్రన్ మద్రాసు ప్రెసిడెన్సీ పేరు ధరించింది. కాబట్టి ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అన్న వ్యాఖ్య ఉంటే ముందుగా ఏ యుద్ధమో, ఏ స్క్వాడ్రనో తేల్చాలి.

ఈ మూడు పట్టణాల పరిసరాల్లో ఏ ఇంటనైనా యుద్ధకాలపు ఫొటో దొరికితే పరిశోధకుడు పటం కట్టిన ముఖాన్ని మాత్రమే చూసి తృప్తిపడరాదు. వెనుకవైపు స్టూడియో ముద్ర, తపాలాముద్ర, సెన్సారు గుర్తు, చేతిరాత ఉన్నాయేమో పరిశీలించి, రెండువైపులా నకలు తీయాలి. ఇంటివారు చెప్పిన మాటను చెప్పినట్లే రాసుకోవాలి. దానిని భౌతికసాక్ష్యంతో కలిపివేయరాదు.

6. ముగింపు

వ్యాఖ్యను మూలపాఠంగా భావించడం పాఠపరిష్కరణలో దోషం. ఛాయాచిత్ర పరిశీలనలోనూ అంతే. బొమ్మ తనంత తానుగా చెప్పేది, దాని చుట్టూ చేరినది వేరుపరచినప్పుడే అది చరిత్రకు ఆధారమవుతుంది. వ్రాతప్రతులతో అనుభవమున్న తెలుగు పరిశోధకులకు ఈ వివేచన కొత్తది కాదు. దానిని ఇళ్లలో, కళాశాలల గోడలపై మిగిలిన ఫొటోలకు వర్తింపజేయడమే ఇప్పుడు జరగవలసిన పని.