తుది ఈలకు ముందే: ఫుట్‌బాల్ ప్రేక్షకుల నిష్క్రమణ - ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
ఫుట్‌బాల్ పోటీ ముగియకముందే ప్రేక్షకులలో కొందరు స్టేడియం విడిచి వెళ్ళడం ఐరోపా దేశాలలో తరచుగా కనిపించే దృశ్యం. దీనిని అభిమాన లోపంగా భావించి నిందించడం పరిపాటి. ఈ నిష్క్రమణకు ప్రయాణ సౌకర్యం, ఓటమి బాధ, ఫలితంపై ఏర్పడే నిశ్చయం, టికెట్టు ధరపై నిరసన వంటి భిన్న కారణాలున్నాయని, వాటిని ఒకే గాటన కట్టడం వల్ల ప్రేక్షకుడికి అన్యాయం జరుగుతుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. భారతీయ నాటక లక్షణకారులు చెప్పిన కార్యావస్థలను, ఆధునిక సామాజిక శాస్త్ర భావనలను ఇందుకు ఆధారంగా తీసుకోవడం జరిగింది.

కీలక పదాలు: ఫుట్‌బాల్, ప్రేక్షకుడు, నిష్క్రమణ, నియతాప్తి, ఫలాగమం, విధేయత, నిరసన, ఇబ్రాక్స్, లివర్‌పూల్.

1. ప్రవేశిక:

ప్రదర్శన ఏదైనా దానికి ముగింపు ఉంటుంది. హరికథకు మంగళహారతి, పురాణ శ్రవణానికి ఫలశ్రుతి, నాటకానికి భరతవాక్యం ముగింపులు. అవి పూర్తికాకుండా లేవడం మర్యాద కాదని మన సంప్రదాయం భావించింది. ఫుట్‌బాల్‌లో ముగింపును ప్రకటించేది రిఫరీ ఊదే తుది ఈల. తొంభై నిమిషాల ఆట, ఆగిన సమయానికి పరిహారంగా కలిపే నిమిషాలు పూర్తయ్యాక ఆ ఈల మోగుతుంది. అయితే ఎనభయ్యో నిమిషం దాటగానే గ్యాలరీలలో అక్కడక్కడ కుర్చీలు ఖాళీ కావడం మొదలవుతుంది. డబ్బు చెల్లించి, దూరం ప్రయాణించి వచ్చిన మనిషి అసలు ఘట్టం మిగిలి ఉండగా ఎందుకు లేస్తాడు? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించినా, ప్రేక్షకుడికీ ప్రదర్శనకూ మధ్య ఉన్న సంబంధం ఎటువంటిదో తేల్చే ప్రశ్న ఇది.

2. నియతాప్తి - ఫలాగమం:

నాటకంలోని కార్యానికి ఆరంభం, యత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం అని ఐదు అవస్థలను లాక్షణికులు చెప్పారు. ధనంజయుని దశరూపకం మొదలుకొని కాకతీయుల కాలంలో ఓరుగల్లులో విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయం వరకు ఈ విభజన కనిపిస్తుంది. అడ్డంకులు తొలగి ఫలం దక్కుతుందని నిశ్చయం ఏర్పడే దశ నియతాప్తి. ఆ ఫలం నిజంగా చేతికందే దశ ఫలాగమం. నాటకంలో ఈ రెండింటి మధ్య దూరాన్ని కవి నిర్ణయిస్తాడు. నియతాప్తి కలిగాక ఫలాగమం తప్పదు.

ఫుట్‌బాల్‌కు కవి లేడు. కనుక అందులో నియతాప్తి ప్రేక్షకుడి ఊహలో మాత్రమే ఉంటుంది. ముందుగా లేచి వెళ్ళే ప్రేక్షకుడు తన ఊహలోని నియతాప్తినే ఫలాగమంగా స్వీకరిస్తాడు. ఫలితం తేలిపోయిందని తీర్మానించుకుని బయలుదేరుతాడు.

ఇక్కడ గమనించదగిన భేదం మరొకటి ఉంది. తోలుబొమ్మలాట చూసే పల్లె ప్రేక్షకుడికి రావణుడు చస్తాడని ముందే తెలుసు. అయినా తెల్లవారేదాకా కూర్చుంటాడు. అతనిని కూర్చోబెట్టేది రసం, కథనం. ఫుట్‌బాల్ ప్రేక్షకుడిని కూర్చోబెట్టే వాటిలో ప్రధానమైనది సందిగ్ధత. 1956లో అమెరికన్ ఆర్థికవేత్త సైమన్ రాటెన్‌బర్గ్ బేస్‌బాల్‌పై రాసిన వ్యాసంలో ఈ విషయాన్ని ప్రస్తావించాడు. ఫలితం అనిశ్చితంగా ఉన్నప్పుడే ప్రేక్షకులు ఆటకు డబ్బు చెల్లిస్తారన్న ఆలోచన అప్పటి నుంచి క్రీడా ఆర్థికశాస్త్రంలో ముఖ్యమైన ప్రతిపాదనగా నిలిచింది. సందిగ్ధత వల్ల వచ్చినవాడు సందిగ్ధత తొలగితే వెళ్ళడం ఈ దృష్టిలో సహజమే. అయితే అది నిజంగా తొలగిందా అన్నదే సమస్య.

3. నిశ్చయం తప్పిన సందర్భాలు:

1999 మే 26న బార్సిలోనాలోని కాంప్ నౌ స్టేడియంలో ఛాంపియన్స్ లీగ్ తుది పోటీ జరిగింది. ఆరో నిమిషంలో చేసిన గోలుతో బయర్న్ మ్యూనిక్ జట్టు తొంభయ్యో నిమిషం దాకా ఆధిక్యంలో ఉంది. ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు లెన్నార్ట్ యోహాన్సన్ బహుమతి ప్రదానానికి సిద్ధం కావడానికి తన ఆసనం నుంచి లేచి కిందికి బయలుదేరాడు. ఆయన మైదానం చేరేలోపు మాంచెస్టర్ యునైటెడ్ పక్షాన టెడ్డీ షెరింగమ్, ఓలే గున్నార్ సోల్షార్ ఇంజురీ టైమ్‌లో రెండు గోల్స్ చేశారు. గెలిచారనుకున్నవారు ఏడుస్తూ, ఓడారనుకున్నవారు గంతులు వేస్తూ కనిపించేసరికి ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఫలితం తేలిపోయిందని నమ్మినవారిలో నిర్వాహకుల పెద్ద కూడా ఉన్నాడన్నది ఇక్కడ గ్రహించవలసిన అంశం.

2012 మే 13న మాంచెస్టర్ సిటీ జట్టు 44 ఏళ్ళ తర్వాత లీగ్ విజేత కావడానికి క్వీన్స్ పార్క్ రేంజర్స్‌పై గెలవవలసి ఉంది. తొంభై నిమిషాలు ముగిసేసరికి 1-2తో వెనుకబడింది. కొందరు అభిమానులు కన్నీళ్ళతో బయటికి నడిచారు. తర్వాత కలిపిన నిమిషాలలో ఎడిన్ జెకో, సెర్గియో అగ్వేరో చెరొక గోలు చేయడంతో సిటీ 3-2తో గెలిచింది. 2017 మార్చి 8న బార్సిలోనా జట్టు పారిస్ సాఁ జెర్మేన్‌పై 88వ నిమిషం నుంచి మూడు గోల్స్ చేసి 6-1తో నెగ్గి, తొలి పోటీలోని 0-4 లోటును పూడ్చుకుంది.

ఇటువంటి ఉదాహరణలు జ్ఞాపకంలో నిలిచేది అరుదుగా జరగడం వల్లనే. 2014 జూలై 8న బెలో హొరిజోంటెలో ప్రపంచ కప్ సెమీ ఫైనల్ ఆడిన బ్రెజిల్ 29వ నిమిషానికే 0-5తో వెనుకబడింది. విరామానికి ముందే స్టేడియం విడిచినవారు కోల్పోయిన అద్భుతం ఏదీ లేదు. ఆట 1-7తో ముగిసింది. వెళ్ళినవారి అంచనా చాలాసార్లు నిజమవుతుంది. కానీ నిజమైన అంచనాను ఎవరూ కథగా చెప్పుకోరు.

4. దారి, రైలు, ఇల్లు:

ఓడే జట్టు అభిమానులు మాత్రమే లేస్తారనుకోవడం పొరపాటు. తమ జట్టు మూడు గోల్స్ ఆధిక్యంలో ఉన్నప్పుడూ లేచేవారున్నారు. పదుల వేల మంది ఒకేసారి బయటికి వస్తే రోడ్లు, రైల్వే స్టేషన్లు కిక్కిరిసిపోతాయి. పది నిమిషాలు ముందు బయలుదేరినవాడు గంట ముందు ఇల్లు చేరవచ్చు. టెలివిజన్ ప్రసారాల కోసం పోటీలను రాత్రివేళలకు మార్చడంతో పరాయి ఊరి నుంచి వచ్చినవారికి చివరి రైలు అందడమే కష్టమవుతోంది. 2022 ఖతార్ ప్రపంచ కప్ నుంచి ఆగిన సమయాన్ని కచ్చితంగా లెక్కించి కలపడం పెరిగింది. దానితో ఆట ఎప్పుడు ముగుస్తుందో ముందుగా చెప్పడం మరింత కష్టమైంది. రైలు మాత్రం తన వేళకే కదులుతుంది. పసిపిల్లలతో, వృద్ధులతో వచ్చినవారికి రద్దీని తప్పించుకోవడం సౌకర్యమే కాదు, అవసరం కూడా.

5. ఓటమికి దూరంగా జరగడం:

1976లో రాబర్ట్ చాల్డీనీ, అతని సహచరులు అమెరికన్ విశ్వవిద్యాలయాలలో చేసిన అధ్యయనం ప్రసిద్ధమైనది. తమ జట్టు గెలిచిన తర్వాత విద్యార్థులు విశ్వవిద్యాలయ చిహ్నాలున్న దుస్తులను ఎక్కువగా ధరించారు. గెలుపు గురించి చెప్పేటప్పుడు ‘మేము’ అన్న మాటను ఎక్కువగా వాడారు. ఇతరుల కీర్తిలో తామూ వెలగాలనుకోవడం ఈ ప్రవర్తనకు మూలం. దీనికి ప్రతిరూపంగా, అపజయం నుంచి తమను తాము వేరుచేసుకునే ధోరణిని కూడా 1980లలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఓడుతున్న జట్టును విడిచి ముందే బయటపడడాన్ని ఈ ధోరణికి భౌతిక రూపంగా భావించవచ్చు.

అయితే దీనిని పిరికితనంగా మాత్రమే చూడలేము. ఒక అనుభవాన్ని మనిషి గుర్తుంచుకునేటప్పుడు దాని తీవ్ర క్షణానికీ, చివరి క్షణానికీ అధిక ప్రాధాన్యమిస్తాడని డేనియల్ కానెమన్ పరిశోధనలు సూచించాయి. చివరి క్షణానికి అంతటి బలముంటే, ప్రత్యర్థులు తమ మైదానంలో సంబరాలు చేసుకునే దృశ్యాన్ని తన జ్ఞాపకంలోకి రానీయకూడదని అభిమాని కోరుకోవడం అర్థం చేసుకోదగినదే. ఆట ముగింపును అతడు మార్చలేడు. తాను చూసే ముగింపును మాత్రం ఎంచుకోగలడు. వాస్తవానికి ఓటమిని భరించలేక లేచినవాడికి ఆ జట్టుపై ప్రేమ లేదనడం కంటే ఎక్కువైందనడమే సముచితం.

6. ఇబ్రాక్స్ - నింద మోసిన అడుగులు:

ముందుగా వెళ్ళేవారిపై వేసే నింద ఎంత దూరం పోగలదో 1971 జనవరి 2న స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో జరిగిన ప్రమాదం తెలుపుతుంది. ఇబ్రాక్స్ స్టేడియంలో రేంజర్స్, సెల్టిక్ జట్ల మధ్య పోటీ ముగింపు దశకు చేరింది. ఆఖరి నిమిషాలలో సెల్టిక్ గోలు చేసింది. వెంటనే రేంజర్స్ ఆటగాడు కోలిన్ స్టీన్ స్కోరు సమం చేశాడు. ఆట ముగిశాక 13వ నంబరు మెట్లదారిలో జనం ఒకరిపై ఒకరు పడి 66 మంది మరణించారు.

ముందే బయలుదేరిన అభిమానులు స్టీన్ గోలుకు చెలరేగిన కేకలు విని వెనక్కి తిరిగారని, దిగేవారిని ఢీకొన్నారని అప్పుడు ప్రచారం జరిగింది. వినడానికి ఈ కథ నమ్మదగినదిగానే ఉంటుంది. అందులో తప్పు, దానికి తగిన శిక్ష రెండూ ఉన్నాయి. కానీ విచారణలో ఇది నిలవలేదు. ప్రమాద సమయంలో జనమంతా ఒకే దిశలో, కిందికే దిగుతున్నారని తేలింది. అదే మెట్లదారిలో 1961లోనూ ఇద్దరు మరణించారు. తర్వాత కూడా ప్రమాదాలు జరిగాయి. అంటే కారణాన్ని వెదకవలసింది అభిమానుల అడుగులలో కాదు, వారు దిగిన మెట్లలో.

ఈ దుర్ఘటన తర్వాత 1973లో క్రీడా మైదానాల భద్రతా మార్గదర్శిని, 1975లో ప్రత్యేక చట్టం బ్రిటన్‌లో వచ్చాయి. ప్రేక్షకులు తమ స్థానాల నుంచి నిష్క్రమణ మార్గాల వెలుపలికి చేరడానికి ఎనిమిది నిమిషాలకు మించి పట్టరాదన్నది ఆ మార్గదర్శిని పాటించే ప్రమాణం. రద్దీ దృష్టితో చూస్తే, కొందరు ముందుగా వెళ్ళడం మిగిలినవారి దారిని తేలిక చేస్తుంది. విధేయత కొలమానంతో చూసినవారికి ద్రోహంగా కనిపించేది భద్రతా కొలమానంతో చూసినవారికి ఉపకారంగా కనిపిస్తుంది.

7. డెబ్భై ఏడో నిమిషం:

ఒకే స్టేడియంలో, ఒకే శీతాకాలంలో జరిగిన రెండు నిష్క్రమణలు ఈ చర్చకు కీలకమైనవి. 2015 నవంబర్ 8న లివర్‌పూల్ సొంత మైదానమైన యాన్‌ఫీల్డ్‌లో క్రిస్టల్ ప్యాలెస్ జట్టు 82వ నిమిషంలో గోలు చేసి 2-1 ఆధిక్యం పొందింది. ఆ గోలు పడగానే చాలామంది లేచి వెళ్ళడం చూసి తాను ఒంటరివాడినైనట్లు అనిపించిందని కొత్తగా వచ్చిన శిక్షకుడు యుర్గెన్ క్లోప్ ఆట తర్వాత అన్నాడు. ఆట ముగిసిందని ప్రేక్షకులు అనుకోకుండా చేయవలసిన బాధ్యత జట్టుదేనని కూడా అతడు భావించాడు. డిసెంబర్ 13న వెస్ట్ బ్రామ్‌పై ఇంజురీ టైమ్‌లో 2-2తో స్కోరు సమమైనప్పుడు, ఉండిపోయిన ప్రేక్షకుల ముందుకు ఆటగాళ్ళను చేయీ చేయీ కలిపి నడిపించి అభివాదం చేయించాడు.

ఆ తర్వాత రెండు నెలలైనా గడవకముందే, 2016 ఫిబ్రవరి 6న అదే స్టేడియంలో సండర్లాండ్‌తో ఆట జరిగింది. లివర్‌పూల్ 2-0 ఆధిక్యంలో ఉంది. 77వ నిమిషంలో దాదాపు పది వేల మంది ఒక్కసారిగా లేచి బయటికి నడిచారు. రాబోయే సీజన్‌లో కొన్ని టికెట్ల ధరను 77 పౌండ్లుగా నిర్ణయించడం వారి ఆగ్రహానికి కారణం. ధర అంకెనే నిమిషం అంకెగా మార్చుకున్నారు. వారు వెళ్ళాక సండర్లాండ్ రెండు గోల్స్ చేయడంతో ఆట 2-2తో ముగిసింది. నాలుగు రోజులకు యాజమాన్యం క్షమాపణ చెప్పి, ఆ ధరను ఉపసంహరించుకుంది. అదే ఏడాది మార్చిలో, పరాయి మైదానాలకు వెళ్ళే అభిమానుల టికెట్టు ధర 30 పౌండ్లు దాటకూడదని ప్రీమియర్ లీగ్ జట్లు అంగీకరించాయి.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వెలువరించిన గ్రంథంలో, ఒక సంస్థపై అసంతృప్తి చెందినవారికి నిష్క్రమణ, నిరసన అనే రెండు మార్గాలుంటాయని, వాటిలో దేనిని ఎంచుకుంటారన్నది విధేయతపై ఆధారపడుతుందని వివరించాడు. కిరాణా దుకాణం నచ్చకపోతే వినియోగదారుడు పక్క దుకాణానికి వెళ్తాడు. అభిమానికి ఆ అవకాశం దాదాపు లేదు. లివర్‌పూల్ అభిమాని టికెట్టు ధర పెరిగిందని ఎవర్టన్ అభిమానిగా మారడు. ఈ విధేయతే ధర పెంచేవారికి ధైర్యమిస్తుంది. యాన్‌ఫీల్డ్ ప్రేక్షకులు నిష్క్రమణనే నిరసనగా మలిచారు. జట్టును విడవకుండా, ఆటను పదమూడు నిమిషాల ముందు విడిచారు. జట్టు గెలుస్తున్నప్పుడు లేవడం వల్ల ఆ చర్యకు మరే అర్థమూ ఆపాదించడానికి వీలులేకపోయింది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలే అంశాలు ఇవి. బయటి నుంచి చూసినప్పుడు ఖాళీ కుర్చీలన్నీ ఒకేలా ఉంటాయి. ఒక కుర్చీ చివరి రైలు కోసం, ఒకటి ఓటమి చూడలేక, ఒకటి ఫలితం తేలిందన్న నమ్మకంతో, మరొకటి ధరపై ఆగ్రహంతో ఖాళీ అవుతుంది. నవంబర్‌లో యాన్‌ఫీల్డ్ నుంచి ముందే వెళ్ళినవారిలో కొందరు ఫిబ్రవరిలోనూ వెళ్ళి ఉండవచ్చు. మొదటిసారి వారు ఆటపై ఆశ వదులుకున్నారు. రెండోసారి ఆటలో తమ స్థానాన్ని వదులుకోబోమని ప్రకటించారు. చర్య ఒకటే, అర్థాలు వేరు.

రసాస్వాదనలో ప్రేక్షకుడి పాత్రను మన లాక్షణికులు గుర్తించి, అతనికి సహృదయుడన్న పేరు పెట్టారు. సహృదయత్వాన్ని ఎంతసేపు కూర్చున్నాడన్న దానితో వారు కొలవలేదు. ఫుట్‌బాల్ ప్రేక్షకుడికీ అదే న్యాయం వర్తించాలి. తుది ఈలకు ముందే లేచినవాడు ఒక అరుదైన గోలును కోల్పోవచ్చు. ఆ నష్టం అతనిదే. కానీ అతడు ఎందుకు లేచాడో విచారించకుండా తీర్పు చెప్పడం వల్ల కలిగే నష్టం అంతకంటే పెద్దదని ఇబ్రాక్స్ మెట్లదారి నిరూపిస్తోంది.